పస్కా వారంలో ఇడ్లీ

ఈస్టర్ ఆదివారం, పస్కా నాలుగో రోజు. తెల్లవారుజామున వాన, ప్రార్థన ముగిసేసరికి తెరిపి.

హాజరు: అత్త (కిటికీ పక్క కుర్చీలో), అత్త కూతురు, ఆమె భర్త, వాళ్ళబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనవరాలు, మా అక్క, నా భార్య, నేను. స్థలం సింగపూరు సెరంగూన్‌లో అత్త కూతురి ఫ్లాట్. వడ్డించినవి: ఇడ్లీ, కోడికూర, కొబ్బరి పచ్చడి, యూదుల పులియని రొట్టె, అక్రూటు పప్పు చల్లిన ఖర్జూరపు పాకం, రెండు రంగుల గుడ్లు.

ఇంతవరకు రాసి డైరీ మూసేద్దామనుకున్నాను. పండుగ రోజున ఇంతకంటే ఎక్కువ రాసే అలవాటు నాకు లేదు. అయితే ఇవాళ ఆ ఏడేళ్ళ పిల్ల ఇడ్లీని పాకంలో ముంచుతూ, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో నన్ను నిలదీసింది.

"తాతయ్యా, సూపర్‌మార్కెట్ రైస్ ఆల్రెడీ క్లీన్ లా! వై మస్ట్ చెక్ త్రీ టైమ్స్? మై ఐస్ సో పెయిన్."

"అది మన ఇంటి పద్ధతి" అంది వాళ్ళ నాయనమ్మ, అంటే అత్త కూతురు.

"హూ స్టార్ట్?"

అత్త బోసినోటితో నవ్వి, నా వైపు చెయ్యి చూపించింది. "వాణ్ణడుగు. రాసుకుంటాడు కదా అన్నీ."

నిజానికి ఆ సంగతి జరిగేనాటికి నేను డైరీ మొదలుపెట్టలేదు. బలపం వదిలి కలం పట్టిన వయసు. అందుకే మధ్యాహ్నం అక్కనీ అత్తనీ కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగి సరిచూసుకున్నాను. మా మాటలు కలవనిచోట అత్త మాటే ఖాయం చేశాను. ఆవిడకే ఎక్కువ తెలుసు, ఎందుకంటే అప్పుడు పణంగా ఉన్నది ఆవిడ బతుకే.

అప్పట్లో మేము టోవా పాయోలో ఉండేవాళ్ళం. అంతకుముందు మలయాలో, జొహోర్‌లో రబ్బరు తోట. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఆ తోటకి వచ్చారు, అక్కడే క్రైస్తవం పుచ్చుకున్నారు. నాన్నకి సింగపూరులో ఒక గోదాములో స్టోర్‌కీపర్ పని దొరికాక అందరం ఇటు వచ్చాం. ఫ్లాట్లు అప్పుడే కట్టారు. గోడ మీద చెయ్యి పెడితే అరచేతికి తెల్ల సున్నం అంటేది. మా నాయనమ్మకి లిఫ్టంటే భయం. "బతికున్న మనిషిని పెట్టెలో పెట్టి మూత ఏసీసి పైకి పంపుతారేటి?" అని అయిదంతస్తులూ మెట్లెక్కేది, ప్రతి అంతస్తు దగ్గరా ఆగి ఎవరింట్లో ఏం వండుతున్నారో వాసన పట్టేది. పైకొచ్చి అమ్మకి వార్తలు చెప్పేది. "మూడో అంతస్తు సీనాదేశపోళ్ళింట్లో ఎల్లుల్లి మాడిపోయింది." సాయంత్రం మా కారిడార్‌లో ఒక కొస నుంచి ఎండుచేప వాసన, ఇంకో కొస నుంచి పక్కింటి మలయ్ ఆంటీ కాచే కొబ్బరిపాల వాసన, మధ్యలో మా ఇంటి తాలింపు. ఆ ఆంటీని మేము అందరిలాగే మక్‌చిక్ అనేవాళ్ళం.

అత్త నాన్నకి చెల్లెలు. నర్సు. ఇక్కడ నర్సుని మిస్సీ అంటారు. చెయ్యి విరిగి ఆసుపత్రికొచ్చిన ఓడల కంపెనీ గుమాస్తా ఒకాయన, చెయ్యి అతుక్కున్నాక కూడా వస్తూనే ఉన్నాడు. ఆయనే మామయ్య. యూదుడు. వాళ్ళ పూర్వీకులు బాగ్దాదు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారాలు చేసినవాళ్ళు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. మా చర్చిలో ఇద్దరు పెద్దలు నాన్నని చూసి కొన్నాళ్ళు ముఖం తిప్పుకున్నారు. నాయనమ్మ వారంరోజులు కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత మామయ్య వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని, నాయనమ్మ కిరసనాయిలు డబ్బాలో పెంచిన గోంగూరతో చేసిన పచ్చడి కలుపుకుని తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా మళ్ళీ వెయ్యమన్నాడు.

"ఏడుస్తా తిన్నాడు. ఇంకేటి పరీచ్చ పెట్టమంతావు?" అని నాయనమ్మ నాన్నని అడిగింది. మా వైపు గొడవ అలా తీరింది.

వాళ్ళ వైపు తీరలేదు. మామయ్య వాళ్ళమ్మని ఆయన అక్క పిల్లలు అమ్మమ్మ అన్న అర్థంతో బీబీ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. భర్త పోయి చాలా కాలమైంది. పట్నంలో పాత వీధుల్లో, కింద దుకాణం ఉన్న ఒక మిద్దె మీద ఉండేది. తెల్ల గౌను, జుట్టుకి వల, దగ్గరికెళ్తే పన్నీరు వాసన. కోప్పడే మనిషి కాదు. అదే చిక్కు. అత్తతో "థాంక్యూ, మిస్సీ", "ప్లీజ్, మిస్సీ" అని ఎంతో మర్యాదగా మాట్లాడేది, బ్యాంకులో మేనేజరుతో మాట్లాడినట్టు. మా ఇంటికి ఎప్పుడైనా వస్తే కుర్చీ అంచున కూర్చునేది. పాలు లేని టీ గాజుగ్లాసులో తాగేది, అరటిపండు తనే ఒలుచుకుని తినేది. మా పొయ్యి మీద వండినది ఒక్క మెతుకు ముట్టేది కాదు. వాళ్ళ మతంలో తిండికి కట్టుబాట్లెక్కువ, పాలకీ మాంసానికీ గిన్నెలు కూడా వేరు. శుక్రవారం సాయంత్రాలు మామయ్య ఒక్కడే తల్లి దగ్గరికి వెళ్ళి భోంచేసి వచ్చేవాడు. అత్తని ఆ ఇంటికి ఆవిడ ఎప్పుడూ రమ్మనలేదు.

ఆ ఏడాది అత్తకి ఆరో నెల. ఒకరోజు డ్యూటీ దిగి తెల్ల యూనిఫారంతోనే వచ్చి, నాయనమ్మ పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. కాసేపటికి ఒలవడం ఆపేసింది.

"అమ్మా, ఈ బిడ్డకి నాయనమ్మ తినే ఇల్లొకటి, నాయనమ్మ తినని ఇల్లొకటి ఉంటాయా?"

"తింతాది లేయే."

"ఎప్పుడు? రెండేళ్ళయింది. పుట్టాక వచ్చి చూస్తుంది, థాంక్యూ మిస్సీ అంటుంది, ఎల్లిపోతుంది." చిక్కుడు తొక్కతో కళ్ళు తుడుచుకోబోయి, అక్క నవ్వితే తనూ నవ్వింది.

ఈస్టరూ పస్కా ఆ ఏడాది ఒకే వారంలో పడ్డాయి, సరిగ్గా ఈ ఏడాది పడ్డట్టే. మామయ్య తల్లిని ఈస్టర్ ఉదయం మా ఇంటికి ఫలహారానికి పిలిచాడు. ఎవరూ అనుకోలేదు గాని ఆవిడ సరేనంది. ఒక్కటే షరతు: ముందుగా వచ్చి వంటిల్లు చూస్తుంది.

ఆ కబురు విని నాయనమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈస్టరంటే మా ఇంట్లో సూర్యోదయ ఆరాధన నుంచి తిరిగొచ్చి ఇడ్లీ, కోడికూర తినడం. తోటలో ఉన్నప్పటి నుంచీ అంతే. పస్కా అంటే, ఇశ్రాయేలీయులు పిండి పులిసేదాకా ఆగకుండా ఐగుప్తు వదిలి వచ్చినందుకు, ఆ వారం పులిసింది ముట్టని పండుగ. బైబిలు పొద్దూ సాయంత్రం చదివే నాయనమ్మకి అది తెలియకపోవడమేమిటి?

"ఇడ్లీ పిండి రేత్తిరంతా పొంగుతాది కదా అల్లుడా. మూత తోసీసుకొని వొస్తాది. ఆవిడ ముందు అది పెడితే ఇంకేటున్నాది?"

"అత్తయ్యా, బియ్యం పరవాలేదు. మావాళ్ళకి వద్దనేది గోధుమ, బార్లీ అలాంటివి. బియ్యం మేమూ తింటాం. గోధుమ గింజ కలిసి ఉంటుందేమోనని మూడుసార్లు ఏరి తింటాం." మామయ్య తెలుగు అప్పటికే బాగా వచ్చేసింది. కాకపోతే అత్త దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి ఆడవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

నాయనమ్మ నమ్మలేదు. "మొగోడికి వొంటింటి సంగతేటి తెలుస్తాది? ఆవిడ నోటమ్మట వినాలి."

ఇక శుభ్రం మొదలైంది. ఇల్లు మూడుసార్లు కడిగారు. నాన్న కొత్త ఇడ్లీ పాత్ర, కొత్త గిన్నెలు, గరిటెలు కొనుక్కొచ్చాడు. రొట్టె, సేమ్యా, మైదా పక్కిళ్ళకి వెళ్ళిపోయాయి. బిస్కెట్ల డబ్బా కూడా మక్‌చిక్‌కి ఇచ్చి రమ్మని అమ్మ మా చేతికిచ్చింది. అక్కా నేనూ మెట్ల మీద కూర్చుని సగం ఖాళీ చేశాకే ఇచ్చాం. బిస్కెట్టు ఇంట్లో ఉండకూడదన్నారు గాని మా కడుపులో ఉండకూడదని ఎవరూ అనలేదని అక్క వాదన. పెద్దయ్యాక ఆవిడ వకీలయింది.

పస్కా మొదలవబోయే ముందు మంగళవారం బీబీ వచ్చింది. చేతిలో తెల్లటి గుడ్డ మడత. పొయ్యి చూసింది, అరలు చూసింది, రుబ్బురోలు మీద సలసలకాగే నీళ్ళు పోయించింది. కందిపప్పు, మినప్పప్పు అరచేతిలో పోసుకుని చాలాసేపు ఆలోచించింది.

నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. బీబీకి తెలుగు రాదు. కానీ ఇద్దరికీ బజారు మలయ్ వచ్చు. ఆ భాషలో అవునన్నా, చెయ్యొచ్చన్నా "బొలే". కూడదంటే "తా బొలే". ఆ ఉదయం మా వంటింట్లో వినిపించినవి ఎక్కువగా ఆ రెండు మాటలే.

"బొలే" అంది బీబీ పప్పులు వదిలేసి. పచ్చట్లోకి పెట్టిన పుట్నాలు చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది. వాళ్ళింట్లో ఆ వారం శనగల జోలికి పోరట. సరే, కొబ్బరి ఒక్కటే చాలంది నాయనమ్మ.

తర్వాత తెల్ల గుడ్డ కారిడార్‌లో వెలుతురులో పరిచి బియ్యం పోయమంది. నాయనమ్మ మొహం ఎర్రబడింది. తెలుగులో అమ్మతో, "నా బియ్యంలో ఏటుంతాదనుకుంతందీవిడ? నిన్ననే సేటతో సెరిగినాను" అంది. అయినా ఎదురుగా చతికిలబడింది. ఇద్దరూ చెరో పక్కనుంచి వేళ్ళతో గింజలు జరపడం మొదలుపెట్టారు. ఒకావిడ వేళ్ళు తెల్లగా, ముడతలతో. ఇంకొకావిడ వేళ్ళు రబ్బరు పాలు గీసిన మచ్చలతో నల్లగా. రెండు జతలూ ఒకే వేగంతో కదలడం నాకు వింతగా అనిపించింది. మొదటిసారి ఏమీ దొరకలేదు. నాయనమ్మ మీసం మెలేసినట్టు చూసింది. రెండోసారీ ఏమీ లేదు. మాటలు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులు, పోయిన మొగుళ్ళు, ఎవరికి ఎన్ని కాన్పులు, ఎందరు మిగిలారు. నాయనమ్మకి తోటలో జ్వరంతో పోయిన పిల్లలున్నారు. బీబీకి యుద్ధంలో జపానువాళ్ళు వచ్చినప్పుడు పోయిన కూతురుంది. ఆ సంగతి మామయ్య కూడా మాకెప్పుడూ చెప్పలేదు.

మూడోసారి ఏరుతుండగా నాయనమ్మ ఆగిపోయింది. రెండు వేళ్ళ మధ్య ఒక గింజ ఎత్తి పట్టుకుంది. గోధుమ గింజ.

"అదుగో! నానే పట్టుకున్నాను!" అని తెలుగులోనే అరిచింది, దొంగని పట్టుకున్నట్టు. తన బియ్యంలోంచే దొరికిందన్న సంగతి ఆ సంబరంలో మర్చిపోయింది.

బీబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆదివారం చీకటితోనే లేచి ఆరాధనకి వెళ్ళొచ్చాం. ఇల్లంతా ఇడ్లీ ఆవిరి. యూదుల పద్ధతిలో కోసిన కోడిని మామయ్య ముందే తెచ్చిచ్చాడు. అది అల్లం, కొబ్బరితో ఉడుకుతోంది. ఉల్లితొక్కల్లో ఉడికించిన మా ఎర్ర గుడ్లు బల్ల మీద ఉన్నాయి. బీబీ బుట్టతో వచ్చింది: పులియని రొట్టెలు, ఖర్జూరపు పాకం, సన్నని సెగ మీద రాత్రంతా ఉంచగా గోధుమరంగు తిరిగిన గుడ్లు. అక్క రెండు రకాల గుడ్లనీ కలిపి గుండ్రంగా పేర్చింది. అందరం కూర్చున్నాం. అత్త గాజు పళ్ళెం తుడిచి తనే బీబీ ముందు పెట్టింది.

అప్పుడు వంటింట్లోంచి సాంబారు తాలింపు చుయ్‌మంది. బీబీ ముక్కు ఎగబీల్చింది. లేచి లోపలికెళ్ళింది. నాయనమ్మ చేతిలో పసుపురంగు చిన్న డబ్బా.

"ఇదేమిటి?" అని బీబీ మలయ్‌లో అడిగింది. మంగళవారం చూసిన వాటిలో ఆ డబ్బా లేదు. వాసన అన్నిటికీ పడుతుందని నాయనమ్మ దాన్ని నీళ్ళగది కిటికీ మీద ఉంచేది.

"ఇంగువ, ఆంటీ" అంది అమ్మ ఇంగ్లీషులో. "చెట్టు బంక."

"తెలుసు. కడుపునొప్పికి మా అమ్మ ఇచ్చేది. రాయిలా ఉండేది. మరి ఇది పొడిగా ఎందుకుంది?"

నాన్న స్టోర్‌కీపరు, సరుకుల సంగతి తెలిసినవాడు. గడప దగ్గర నిలబడి, చెప్పనా వద్దా అన్నట్టు చెల్లెలి వైపు చూశాడు. చివరికి చెప్పాడు.

"ఉత్త ఇంగువ అలా పొడి అవదు. అంటుకోకుండా పిండి కలుపుతారు."

"ఏం పిండి?"

"గోధుమ పిండి."

రాత్రంతా పొంగే ఇడ్లీ పిండి గురించే అందరం హడలి చచ్చాం. తోట నాటి నుంచి ప్రతి సాంబారులో వేస్తున్న చిటికెడు ఇంగువ ఒక్కరికీ గుర్తు రాలేదు.

"అమ్మా, ఒక్క చిటికెడే కదా..." అని మామయ్య అన్నాడు.

"ఈ వారం చిటికెడైనా బస్తాయే" అంది బీబీ. గొంతు పెంచలేదు. అత్త వైపు తిరిగి, "ఐ యామ్ సారీ, మిస్సీ" అంది. ఆ మర్యాద విని అత్త కుర్చీలో కూలబడింది.

బీబీ తన సంచీ కోసం చూస్తోంది. నాయనమ్మ చీర కొంగుతో సాంబారు గిన్నె పట్టుకుంది. సెగలు కక్కుతున్న గిన్నె, మూత, గరిటె, తాలింపు మూకుడు, అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కారిడార్‌లోకి నడిచింది. మక్‌చిక్ తలుపు కాలితో తట్టింది. "తీసుకో. పాత్రతో సహా నీదే" అనడం మాకు వినిపించింది. మక్‌చిక్ ఏదో అడుగుతుండగానే తిరిగొచ్చేసింది. ఇంగువ డబ్బా నాన్న చేతిలో పెట్టి కిందికి పోయి పారేసి రమ్మంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. గదిలోకెళ్ళి చీర మార్చుకుని వచ్చి, బీబీ ఎదురుగా నిలబడి మలయ్‌లో అడిగింది.

"ఆ బియ్యం నువ్వూ నేనూ ఏరాం. పప్పు నువ్వు చూశావు. పిండీ, కూరా ఆ డబ్బా మొహం చూడలేదు. బొలేయా, తా బొలేయా? ఇప్పుడే చెప్పు. నా కూతురు నీళ్ళోసుకున్న మనిషి, పొద్దుట్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, నీకోసం."

బీబీ ఇడ్లీ పాత్ర దగ్గరికెళ్ళింది. "దీని మూత తీశారా?"

"లేదు."

"ఆ సాంబారులో పెట్టిన గరిటె ఏదైనా ఇందులో పెట్టారా?"

"లేదు."

"నువ్విచ్చేసిన గిన్నె కొత్తది కదా?"

"ఇందాకటిదాకా" అంది నాయనమ్మ.

బీబీ మొహంలో ఏదో సడలింది. వచ్చి కూర్చుంది. ఈసారి కుర్చీ అంచున కాదు. "బొలే" అంది.

మొదటి ఇడ్లీ కోడికూరతో తింది. మేమందరం ఆవిడ నోటికేసే చూస్తున్నాం. రెండోదాని మీద తన ఖర్జూరపు పాకం పోసుకుంది. నాయనమ్మ మొహం చిట్లించి, "ఇడ్లీ మీద పానకమేటి?" అని గొణిగింది. అక్కా నేనూ మాత్రం వెంటనే పళ్ళేలు చాపాం. ఆ రుచి మా ఇంట్లో అలా స్థిరపడిపోయింది. ఇవాళ కూడా పిల్లలు కూర కంటే ముందు పాకమే అడిగారు. మక్‌చిక్ మర్నాడు గిన్నె తోమి తెచ్చినా నాయనమ్మ తీసుకోలేదు. అది ఆ ఇంట్లోనే ఉండిపోయింది, వాళ్ళు ఫ్లాటు మారేదాకా.

ఆ తర్వాత ఎన్నో పండుగలు కలిసి చేసుకున్నాం. క్రిస్మస్ నక్షత్రం పక్కన యూదుల హనుక్కా పండుగ దీపాలు పెట్టిన ఏళ్ళున్నాయి. ఎవరి ప్రార్థన వాళ్ళదే, బల్ల ఒక్కటే. నాయనమ్మా బీబీ ఇద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. మా ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరి దేవుణ్ణి గురించి ఒకరు వాదించుకోగా నేను వినలేదు. బియ్యం గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటూనే బంధువులైపోయారు. అది తక్కువ సంగతని నాకీ వయసులో అనిపించడం లేదు.

ఇక ఆ ఈస్టర్ మర్నాడు, సోమవారం ఉదయం.

మా బ్లాకు కింద కిరాణా దుకాణంలో ఫోనుండేది. దుకాణం ముసలాయన కింద నిలబడి మా అంతస్తుకి వినబడేలా అరిచాడు. నాన్న దిగి వెళ్ళి, తిరిగొచ్చి చెప్పాడు. బీబీ. ఇడ్లీ పిండి మిగిలిందా అని అడిగిందట. మిగిలితే కొత్త పాత్రతో సహా తెమ్మందట. అత్తని కూడా.

అత్తకి ఆరోజు సెలవు. మాది మధ్యాహ్నం బడి. నాయనమ్మ, అత్త, మోయడానికి నేనూ బస్సెక్కాం. ఆ ఇంటికి ఆకుపచ్చ చెక్క కిటికీలు, చప్పుడు చేసే చెక్కమెట్లు. నాయనమ్మ మెల్లగా ఎక్కుతోంటే అత్త ముందుగా పైకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. ఏ మర్యాదలూ జరగలేదు. వంటిల్లు అటు అన్నట్టు బీబీ చెయ్యి చూపించింది. అత్త చొరవగా లోపలికెళ్ళి, పిండి కలపడానికి గరిటె కోసం చేతికందిన బీరువా లాగింది. ఆ వారం ముట్టకూడని సామానంతా పెట్టి, తాడు కట్టి ఉంచిన బీరువా అది.

బీబీ కేక ఒక్కటి వినిపించింది. అరబ్బీలో మొదలై, మలయ్‌లోకి దిగి, ఇంగ్లీషులో తేలింది. కళ్ళు నెత్తిమీదున్నాయా, తాడు కనబడలేదా, ఆసుపత్రిలో రోగులకి కూడా ఇలాగే మందులిస్తావా, ఇది పాలకి, అది మాంసానికి, ఇంకోసారి చెప్పను. మెట్ల మీద నేను బిక్కచచ్చిపోయాను. లోపల అత్త ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో "సారీ మమ్మీ, సారీ మమ్మీ" అంటోంది.

నాయనమ్మ పై మెట్టు మీద ఊపిరి పీల్చుకుంటూ అంతా విన్నది. చెప్పులు విడిచి గోడ వారగా జరిపింది. నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది:

"తిట్టింది నాయనా. ఇంక భయం నేదు."